రాలిన ఆకులకు అగ్గిపుల్ల ఎందుకు?

నల్లగొండ, పాలమూరు వైపు మాఘం వచ్చిందంటే వాకిలి ఎంత ఊడ్చినా మళ్లీ ఆకులే. చలిదేశాల్లో పగటిపొద్దు తగ్గి చలి ముదిరే సెప్టెంబరు-నవంబరు నెలల్లో చెట్లు ఆకులు రాలుస్తాయి. మన దగ్గర సంగతి నీళ్లది. నేలలో తడి తగ్గుతుంటే ఆకుల గుండా నీరు ఆవిరై పోతూనే ఉంటుంది, అందుకని చెట్టు ఆకులనే వదిలించుకుంటుంది.

ఊరికే వదలదు. ఆకులో ఉన్న నత్రజని, భాస్వరంలో దాదాపు సగాన్ని ముందే కొమ్మల్లోకి లాక్కుంటుంది. ఆ తర్వాతే తొడిమ మొదట్లో ఉన్న కణాల పొర బలహీనపడి, చిన్న గాలికే ఆకు తెగిపోతుంది. మన వాకిట్లో పడే ఆకులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. ఎండుటాకుల్లో ఒక పాలు నత్రజనికి 50 పాళ్లు, ఒక్కోసారి అంతకు మించి కార్బన్ ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25-30 పాళ్లయితే హాయి. కుప్ప పోసి వదిలేస్తే నెలల తరబడి అట్లాగే పడి ఉండేది ఇందుకే. విసుగొచ్చి నిప్పు పెడతాం. మిగిలిన ఆ కాస్త నత్రజని కూడా చాలావరకు పొగలో పోతుంది, సన్నటి మసి మన ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అసలే సేంద్రియ పదార్థం తక్కువైన ఎర్ర చెలకల్లో ఉంటూ ఈ పని చేయడం శుద్ధ దండగ.

ఎండుటాకుల్లోని నత్రజని లోటు పేడతో తీరుతుంది. జానెడు మందం ఆకులు వేసి, పైన పేడనీళ్లు గానీ కూరగాయల తొక్కలు గానీ పోసి, మళ్లీ ఆకులు వేయాలి. కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటేనే లోపలి వేడి నిలుస్తుంది. టేకు, రావి ఆకులను నలిపి వేయాలి, లేకపోతే అట్టకట్టి గాలి ఆడదు.

ఊడవడానికి పొద్దున్నే మేలు. గాలి నెమ్మదిగా ఉంటుంది, రాత్రి తేమకు మెత్తబడ్డ ఆకు ఎగరదు. నడుము నొప్పి ఉన్నవాళ్లు పొరకకు పొడుగు కట్టె కట్టుకోవాలి. ఆకులను పాత చీర మీదికి తోసి ఈడ్చుకెళ్తే గంపలు మోసే పని తప్పుతుంది. అసలు అన్నీ ఊడవాలా? నన్నడిగితే వాకిలి వరకు చాలు. మొక్కల కింద రెండు మూడు అంగుళాల ఆకు ఉంటే వేసవిలో తడి త్వరగా ఆరదు. కాండానికి మాత్రం జానెడు దూరం ఉంచాలి, ఎండుటాకు చెదపురుగులకు తిండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టింది ఆకుల వల్లేనని అనను గానీ, 2018లో ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది.

పాత కుప్పలో చెయ్యి పెట్టే ముందు కట్టెతో ఒకసారి కదపండి, తేళ్లుంటాయి.