ఫ్రెడ్ కీనర్, పదిమంది అనామకులు

1930 అక్టోబర్ 25న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో స్కాట్లండ్ మీద ఆడటానికి వేల్స్ ఫుట్‌బాల్ జట్టు దిగింది. అందులో జనం చూడగానే గుర్తుపట్టే మనిషి ఒక్కడే, కెప్టెన్ ఫ్రెడ్ కీనర్. మిగతావాళ్లు కింది డివిజన్ల నుంచి, అసలు ఇంగ్లండ్ క్లబ్బుల ఫుట్‌బాల్ లీగ్‌లోనే లేని చిన్న క్లబ్బుల నుంచి ఏరుకొచ్చినవాళ్లు. ‘కీనర్, పదిమంది అనామకులు’ అన్న పేరు ఆ జట్టుకు అలాగే ఉండిపోయింది. స్కాట్లండ్ ఎన్ని గోల్స్ తేడాతో గెలుస్తుందా అని చూడటానికి వచ్చినవాళ్లకు మొదట్లోనే షాక్ తగిలింది. రెక్సమ్ ఆటగాడు టామీ బామ్‌ఫోర్డ్ గోల్ కొట్టేశాడు. తర్వాత స్కాట్లండ్ ఒకటి తిరిగి కొట్టింది గానీ, రెండోది కొట్టలేకపోయింది. మ్యాచ్ 1-1తో ముగిసింది.

వేల్స్‌లో ఈ డ్రాను ఇప్పటికీ గెలుపులాగే చెప్పుకుంటారు. అయితే అసలు జట్టు అలా ఎందుకు తయారైందన్నది అడగాల్సిన ప్రశ్న. వేల్స్‌లో మంచి ఆటగాళ్లకు కొదవ లేదు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడేవాళ్లు. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలే, లీగ్ మ్యాచ్‌లు కూడా శనివారాలే. ఇంగ్లండ్ జట్టుకు తప్ప ఇంకెవరికీ ఆటగాళ్లను వదలబోమని ఆ సీజన్‌లో ఫుట్‌బాల్ లీగ్ భీష్మించింది. వేల్స్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి టెడ్ రాబిన్స్ దొరికినవాళ్లతో పదకొండు మందిని కూర్చుకోవాల్సి వచ్చింది.

సొంత దేశానికి ఆడనివ్వకుండా ఆపే హక్కు క్లబ్బుకు ఎక్కడిది? ఆ హక్కుకు మూలం 19వ శతాబ్దం చివర్లోనే ఉంది. ప్రొఫెషనల్ ఆటగాడి పేరు ఏ క్లబ్బులో నమోదైతే ఆ రిజిస్ట్రేషన్ ఆ క్లబ్బుదే. ఒప్పందం ఏడాదికే ఉండేది. అది అయిపోయాక కూడా క్లబ్బు అతన్ని అట్టే పెట్టుకోవచ్చు. ఆ క్లబ్బు వదిలితే తప్ప లీగ్‌లో మరో క్లబ్బుకు ఆడటానికి వీల్లేదు. దీనికి తోడు 1901లో వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని నియమం పెట్టారు. ఎంత గొప్ప ఆటగాడైనా అంతే.

ఈ పద్ధతి మీద మొదట తిరగబడిన పెద్ద ఆటగాడు కూడా వేల్స్‌వాడే. చర్క్ అనే బొగ్గుగనుల ఊరి నుంచి వచ్చిన బిల్లీ మెరెడిత్, చిన్నతనంలో గనిలో పనిచేసినవాడు, 1907లో మాంచెస్టర్‌లో ఆటగాళ్ల యూనియన్ పెట్టడంలో ముందు నిలిచాడు. 1909లో యూనియన్‌ను వదిలేది లేదన్న మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లను సస్పెండ్ చేశారు. యూనియన్ నిలబడింది, కానీ జీతం మీద పరిమితి పోలేదు. 45 ఏళ్ల మెరెడిత్ 1920లో వేల్స్ తరఫున చివరి మ్యాచ్ ఆడాడు. కీనర్ మొదటి మ్యాచ్ కూడా ఆ ఏడాదే.

కీనర్ 1894లో కార్డిఫ్‌లో ఒక తాపీ మేస్త్రీ ఇంట పుట్టాడు. 1912లో కార్డిఫ్ సిటీ క్లబ్బులో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ‘ఫుట్‌బాల్ బెటాలియన్’ అని పిలిచే 17వ మిడిల్‌సెక్స్ దళంలోకి వెళ్లాడు. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో తొడలోకి గుండు ముక్క దూసుకుపోయింది. ఆ కాలితోనే తిరిగొచ్చి ఇంకో పదిహేనేళ్లకు పైగా ఆడాడు. సొగసుగా ఆడే రకం కాదు. అడ్డుపడి, మీద పడి, అరిచి ఆడించే హాఫ్‌బ్యాక్, అంటే రక్షణకూ దాడికీ మధ్య ఆడేవాడు.

1920లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చిన కార్డిఫ్, మరుసటి ఏడాదే మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1924లో టైటిల్ చేతిదాకా వచ్చి జారిపోయింది. కార్డిఫ్‌కీ హడర్స్‌ఫీల్డ్‌కీ చెరో 57 పాయింట్లు. హడర్స్‌ఫీల్డ్ కొట్టిన గోల్స్ 60, ఎదుటి జట్లకు ఇచ్చినవి 33. కార్డిఫ్ కొట్టినవి 61, ఇచ్చినవి 34. అప్పట్లో కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించేవారు. దశాంశం తర్వాతి అంకెల్లో కార్డిఫ్ ఓడిపోయింది. చివరి రోజు బర్మింగ్‌హామ్‌లో లెన్ డేవిస్ పెనాల్టీ గోల్ అయి ఉంటే ఈ లెక్కలే అక్కర్లేదు. ఇప్పటి పద్ధతిలో గోల్స్ తేడా సమానమై, ఎక్కువ కొట్టిన కార్డిఫే చాంపియన్ అయ్యేది. ఈ అంకెలు ఎన్నిసార్లు చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది.

1925లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 1-0తో ఓటమి. రెండేళ్లకు మళ్లీ ఫైనల్, లండన్‌లోని అదే వెంబ్లీ మైదానంలో. 1927 ఏప్రిల్ 23న, 91 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు, ఎదురుగా ఆర్సెనల్. రేడియోలో ప్రసారమైన మొదటి కప్ ఫైనల్ అది. 74వ నిమిషంలో హ్యూయీ ఫెర్గూసన్ కొట్టిన షాట్‌లో పెద్ద ఊపేమీ లేదు. ఆర్సెనల్ గోల్‌కీపర్ డాన్ లూయిస్ వంగి పట్టుకున్నాడు. బంతి చేతుల్లోంచి చంకలోకి జారి, మోచేయి తగిలి మెల్లగా గీత దాటింది. లూయిస్ కూడా వేల్స్‌వాడే. కప్పు ఐదో జార్జి రాజు చేతుల మీదుగా కీనర్‌కు అందింది. ఇంగ్లండ్ దాటి ఎఫ్‌ఏ కప్పు వెళ్లింది ఆ ఒక్కసారే.

ఆ కప్పు ఎత్తిన కెప్టెన్‌కైనా 1922 నుంచి ఉన్న జీతం పరిమితే వర్తించేది. సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6, గెలిస్తే 2 పౌండ్ల బోనస్. గని కార్మికుడి కూలితో పోలిస్తే ఇది ఎంతో మెరుగు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గనిలో మనిషి ముసలితనం దాకా పనిచేయొచ్చు. చాలామంది ఆటగాళ్లకు ముప్పై అయిదు దాటితే ఆట మీద రాబడి ఉండదు.

తర్వాత దక్షిణ వేల్స్ బొగ్గు వ్యాపారం కుదేలైంది, దానితోపాటే క్లబ్బూ దిగజారింది. 1929లో రెండో డివిజన్, 1931లో మూడో డివిజన్. ఆ ఏడాదే కీనర్‌ను వదిలేశారు. క్రూ అలెగ్జాండ్రాలో మూడేళ్లు ఆడి, ఆ తర్వాత ఆస్‌వెస్ట్రీ, టన్‌బ్రిడ్జ్ వెల్స్ వంటి చిన్న క్లబ్బులకు వెళ్లాడు. షుగర్ వ్యాధి మనిషిని కుంగదీసింది. కెంట్‌లో కోళ్లు పెంచాడు. 1958లో కార్డిఫ్‌కు తిరిగొచ్చి, అరవై దాటిన వయసులో నిర్మాణ పనుల్లో చేరాడు. తండ్రి చేసిన పని దగ్గరికే చేరాడన్నమాట.

జీతం మీద పరిమితి 1961లో పోయింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో యూనియన్ సమ్మెకు సిద్ధపడ్డాక గానీ క్లబ్బులు దిగిరాలేదు. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడి కేసులో, ఆటగాడిని అట్టే పెట్టుకునే పద్ధతి చెల్లదని కోర్టు తేల్చింది. జాతీయ జట్లకు ఆటగాళ్లను తప్పనిసరిగా వదలాలన్న నియమం, అందుకు క్యాలెండర్‌లో విడిగా తేదీలు చాలా ఆలస్యంగా వచ్చాయి.

వేల్స్ తరఫున 32 మ్యాచ్‌లు ఆడిన కీనర్ 1972లో చనిపోయాడు. 2012లో కార్డిఫ్ సిటీ స్టేడియం బయట ఆయన విగ్రహం వెలిసింది, చేతుల్లో ఎత్తిపట్టిన కప్పుతో. దానికోసం చందాలు వసూలు చేసింది అభిమానులే.