మెకాలే ఇంగ్లీషు పాలమూరు దాకా రాలే

బ్రిటిష్ సర్కారుల పనిచేసిన మెకాలే వచ్చి మన తాతలకు ఇంగ్లీష్ అంటగట్టిండు అని చాలామంది అంటరు గానీ నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ఆ కథ అంతగా అతకది.

ఇంగ్లీషోళ్లు 1607లో అమెరికాల జేమ్స్‌టౌన్ కట్టుకున్నరు, 1788లో ఆస్ట్రేలియాకు ఖైదీలను దింపిన్రు, అక్కడ మనుషులే పోయి స్థిరపడ్డరు కాబట్టి వాళ్లతోనే భాష కూడా పోయింది. ఇండియాల అట్ల కాదు, ఇక్కడ వాళ్లకు కావాల్సింది ఆఫీసుల పనిచేసేటోళ్లు. అందుకే 1835లో ఇంగ్లీష్ చదువే చెప్పాలన్న మెకాలే నోట్, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు. మద్రాసు కింద ఉన్న గుంటూరు, గోదావరి దిక్కు పిల్లలకు అప్పటినుంచే ఇంగ్లీష్ చదువు, దాంతోపాటు సర్కారు కొలువు దారి దొరికినయి.

మనం మాత్రం నిజాం కింద. కచేరీల మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ. 1918లో ఉస్మానియా పెడితే అదీ ఉర్దూ మీడియమే, సైన్సు, డాక్టరీ పుస్తకాలు కూడా ఉర్దూలకు తర్జుమా చేయించిన్రు, అది చిన్న పని కాదు, నా లెక్కల ఇప్పటికీ మెచ్చుకోవాల్సిందే. ఇంగ్లీష్ ఒక సబ్జెక్టుగ ఉండె, నిజాం కాలేజీ అసొంటి చోట్ల గట్టిగనే ఉండె, కానీ అవన్నీ హైదరాబాద్ పట్నంల. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూతోని పెరిగిన ఊరి పిల్లగానికి అది చాలా దూరం.

1948 సెప్టెంబర్ల నిజాం రాజ్యాన్ని ఇండియాల కలిపిన పోలీస్ యాక్షన్ అయినంక లెక్క మొత్తం తిరగబడ్డది. ఉస్మానియాల ఉర్దూ పోయి ఇంగ్లీష్ వచ్చింది, ఆఫీసుల కూడా ఇంగ్లీష్ వచ్చినోళ్లే కావాలన్నరు, బయటినుంచి వచ్చి కొలువుల చేరినోళ్లు చేరిన్రు, ఉర్దూల చదివి డిగ్రీ పట్టుకున్నోడు పక్కకు నిలబడ్డడు. 1952ల ముల్కీ గొడవ, అంటే కొలువులు ఇక్కడోళ్లకే ఇయ్యాలన్న లొల్లి, దాని వెనక ఇది కూడా ఉన్నది, అప్పుడు ముఖ్యమంత్రి మన పాలమూరాయనే, బూర్గుల రామకృష్ణారావు. 1955ల రాష్ట్రాలను ఎట్ల విడగొట్టాలో చెప్పిన ఫజల్ అలీ కమిషన్ కూడా చదువుల ముందున్న కోస్తా వాళ్ల కింద పడిపోతమని తెలంగాణోళ్లకు ఉన్న భయాన్ని రిపోర్టుల రాసింది. ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడు రెండు దిక్కుల నాయకులు చేసుకున్న 1956 పెద్దమనుషుల ఒప్పందంల ఉర్దూను ఇంకో ఐదేండ్లు ఆఫీసుల, కోర్టుల ఉండనియ్యాలె అన్నరు. 1969ల మళ్లా కొలువుల మీదనే లొల్లి.

తర్వాత ఇంగ్లీషును నడిపింది బ్రిటన్ కాదు, అమెరికా, కంప్యూటర్లు, వీసాలు. అప్పటికి జిల్లాల ప్రైవేటు స్కూళ్లు గల్లీగల్లీకి మొలిచినయి, సర్కారు బడులు ఖాళీ అయినయి, 2022-23ల ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బడుల్ల కూడా ఇంగ్లీష్ మీడియం పెట్టిన్రు. ఒక పేజీల ఇంగ్లీష్, పక్క పేజీల తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చిన్రు, చాలాచోట్ల వాటిని చెప్పేది తెలుగు మీడియంల చదివిన సార్లే.