లేజర్ డయోడ్ డ్రైవర్‌కు రెగ్యులేటర్ చిప్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

అపోహ: డయోడ్‌కు కావలసిన వోల్టేజీని సరిగ్గా ఇచ్చే రెగ్యులేటర్ ఉంటే చాలు.

వాస్తవం: లేజర్ డయోడ్‌ను వోల్టేజీతో కాక కరెంటుతో నడపాలి. వోల్టేజీ కాస్త పెరిగితే చాలు, కరెంటు చాలా ఎక్కువగా పెరుగుతుంది. పైగా వేడెక్కే కొద్దీ డయోడ్ ఫార్వర్డ్ వోల్టేజీ (వెలుగుతున్నప్పుడు దాని మీద పడే వోల్టేజీ) తగ్గుతుంది కనుక, వోల్టేజీని స్థిరంగా ఉంచితే కరెంటు తనంతట తానే పెరుగుతూ పోతుంది. ఆ అధిక కాంతికి డయోడ్ అంచున ఉండే అద్దం లాంటి ముఖం దెబ్బతింటుంది. ఆ తరువాత అది లేజర్‌గా పనిచేయక, మామూలు ఎల్ఈడీలా మసకగా వెలుగుతుంది. ఎల్ఎం317 అనే రెగ్యులేటర్ చిప్ తన అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య ఎల్లప్పుడూ 1.25 వోల్టులను నిలుపుతుంది. ఆ రెండింటి మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ వైపు నుండి డయోడ్‌కు కలిపితే అదే కరెంటు నియంత్రకం అవుతుంది: 12.5 ఓమ్‌లకు 100 మిల్లీఆంపియర్లు.

అపోహ: ఎల్ఎం317 గరిష్ఠ కరెంటు 1.5 ఆంపియర్లు కనుక, బ్యాటరీ వోల్టేజీ డయోడ్ వోల్టేజీ కంటే ఎక్కువైతే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూద్దాం. ఒక నీలి డయోడ్ 1 ఆంపియర్ వద్ద 4.5 వోల్టులు తీసుకుంటుందనుకుందాం. రెసిస్టర్ మీద 1.25 వోల్టులు పోతాయి. చిప్ తన పని తాను చేయడానికి మరో 2 వోల్టుల తేడా కావాలి. మొత్తం 7.75. రెండు లిథియం అయాన్ సెల్స్ నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు ఇస్తాయి కానీ, ఒక్కో సెల్ 3.9 దగ్గరకు దిగేసరికే, అంటే ఛార్జి ఇంకా చాలా మిగిలి ఉండగానే, వెలుగు తగ్గడం మొదలవుతుంది. ఇలాంటి చోట ఎల్ఎం1085 వంటి తక్కువ డ్రాపౌట్ (చిప్ పనిచేయడానికి కావలసిన వోల్టేజీ తేడా) ఉన్న చిప్ నా ఎంపిక, దానికి 1.5 వోల్టులు చాలు కనుక, సెల్ ఒక్కొక్కటి సుమారు 3.6కు దిగేవరకు కరెంటు నిలకడగా ఉంటుంది. అయితే ఈ రకం చిప్‌లు స్థిరంగా పనిచేయాలంటే అవుట్‌పుట్ వద్ద కెపాసిటర్ తప్పనిసరి. ఎల్ఎం317కు ఆ నిర్బంధం లేదు, అందుకే చిన్న ఎర్ర డయోడ్లకు నేటికీ దానినే వాడతాను.

అపోహ: ఎక్కువ వోల్టేజీ ఇచ్చినా చిప్ దానిని భరించుకుంటుంది.

వాస్తవం: భరించడమంటే వేడిగా మార్చడమే. పై డయోడ్‌కే 12 వోల్టులు ఇస్తే చిప్ మీద 6.25 వాట్లు పడతాయి. హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) లేని టీఓ-220 (మూడు కాళ్లు, వెనుక లోహపు రేకు ఉండే ఆకృతి) చిప్‌కు ఒక్కో వాట్‌కు సుమారు 50 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది కనుక అది నిలబడే ప్రశ్నే లేదు. ఇంకొక ప్రమాదం ఉంది. ఎల్ఎం317 వెనుక లోహపు రేకు అవుట్‌పుట్ కాలికే కలిసి ఉంటుంది, అనేక ఎర్ర డయోడ్ల లోహపు డబ్బా ఆనోడ్‌కు (ప్లస్ కాలికి) కలిసి ఉంటుంది. ఈ రెండింటినీ ఇన్సులేషన్ లేకుండా ఒకే హీట్ సింక్‌కు బిగిస్తే, కరెంటును నిర్ణయించే రెసిస్టర్ రెండు కొసలూ కలిసిపోయి, చిప్ ఇవ్వగలిగినంత కరెంటు డయోడ్‌లోకి పోతుంది. మధ్యలో మైకా షీటు (విద్యుత్తును ఆపే పలుచని పొర) పెట్టడం మరవకండి.

అపోహ: ఆ రెసిస్టర్ బదులు పొటెన్షియోమీటర్ (తిప్పి మార్చగల రెసిస్టర్) ఒక్కటి పెడితే కరెంటును ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు.

వాస్తవం: దానిని సున్నాకు తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. గరిష్ఠ కరెంటుకు సరిపడే స్థిర రెసిస్టర్ దానికి సిరీస్‌లో ఉండి తీరాలి.

అపోహ: డయోడ్‌కు సమాంతరంగా పెద్ద కెపాసిటర్ పెడితే అన్ని విధాలా రక్షణే.

వాస్తవం: అది చిన్న కుదుపులను ఆపుతుంది, నిజమే. కానీ విద్యుత్తు ఉండగా డయోడ్ తీగ ఊడితే కెపాసిటర్ దాదాపు బ్యాటరీ వోల్టేజీ వరకు నిండుతుంది; తీగ మళ్లీ తగలగానే ఆ నిల్వంతా ఒక్కసారిగా డయోడ్‌లో కుమ్మరిస్తుంది. డీవీడీ రైటర్ నుండి ఎంతో జాగ్రత్తగా తీసిన నా మొదటి ఎర్ర డయోడ్‌ను ఇలాగే, వదులైన క్లిప్పు వల్ల పోగొట్టుకున్నాను. అందుకే ముందుగా లేజర్ డయోడ్ బదులు నాలుగు మామూలు 1ఎన్4001 డయోడ్లను, 1 ఓమ్ రెసిస్టర్‌ను సిరీస్‌లో కలిపి నకిలీ లోడుగా పెట్టి, ఆ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులను కొలుస్తాను. ఆ అంకే మిల్లీఆంపియర్లు. తరువాత విద్యుత్తు తీసివేసి, కెపాసిటర్ కాళ్లను కలిపి ఖాళీ చేసి, అసలు డయోడ్‌ను క్లిప్పులతో కాక సోల్డరింగ్‌తోనే అతికించి, దాని తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు పెట్టుకున్నాకే స్విచ్ వేస్తాను.