టర్నర్ సిండ్రోమ్: జీవితకాల వైద్య పర్యవేక్షణపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలోని మా హార్మోన్ల ఓపీకి టర్నర్ సిండ్రోమ్ ఉన్న బాలికలు చాలావరకు రెండు కారణాలతో వస్తారు: తోటి పిల్లలకంటే బాగా పొట్టిగా ఉండటం, పద్నాలుగు పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోవడం. ఆడపిల్లలుగా పుట్టిన ప్రతి 2,000 నుంచి 2,500 మందిలో ఒకరికి, రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో పాక్షికంగానో లోపించడం వల్ల ఈ స్థితి ఏర్పడుతుంది. బొబ్బిలి, సాలూరు, పాలకొండ, పలాస వైపు నుంచి వచ్చే కుటుంబాల నోట పదేపదే వినిపించే మాటలను తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: మేనరికం చేసుకోవడం వల్లే పాపకు ఇలా అయింది.

వాస్తవం: అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడు, లేదా పిండం తొలి కణ విభజనల్లో, యాదృచ్ఛికంగా ఒక క్రోమోజోము జారిపోవడమే దీనికి కారణం. మేనరికంతో గానీ, తల్లి వయసుతో గానీ, గ్రహణంతో గానీ దీనికి సంబంధం లేదు. పైగా ఎక్కువమందిలో మిగిలి ఉన్న ఎక్స్ తల్లి నుంచి వచ్చినదే కాబట్టి, అత్తవారింట్లో ఆమెను నిందించడానికి ఏ ఆధారమూ లేదు. మేనరికాలు మంచివని నేను అనడం లేదు. వాటితో ముడిపడిన జబ్బులు వేరే ఉన్నాయి.

అపోహ: పొడుగు ఇంజక్షన్ల కోర్సు పూర్తయితే వైద్యం పూర్తయినట్లే.

వాస్తవం: గ్రోత్ హార్మోన్ ఎత్తుకు సంబంధించిన వైద్యం మాత్రమే, ఎముకల చివర్లు మూసుకుని పెరుగుదల దాదాపు ఆగిపోయాక దానిని ఆపేస్తాము. (ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు; తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఉన్నవారు ఐస్ పెట్టుకునే డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి, మందు ఐస్‌ను నేరుగా తాకకుండా చూడాలి.) థైరాయిడ్, షుగర్, లివర్ పరీక్షలు, బీపీ మాత్రం ఏడాదికోసారి జీవితాంతం చూడాల్సినవే. లివర్ ఎంజైములు కొద్దిగా పెరిగాయని హార్మోన్ మాత్రలు మానేయనక్కర్లేదు.

అపోహ: చిన్నప్పుడు తీసిన ఎకో (గుండె స్కానింగు) నార్మల్ అన్నారు, ఇక గుండెకు భయం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే ఇందులో నొప్పి ముందుగా హెచ్చరించదు. టర్నర్ ఉన్న ప్రతి వంద మందిలో 15 నుంచి 30 మందికి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) కవాటానికి మూడు రేకులు ఉండాల్సిన చోట రెండే ఉంటాయి. మరికొందరిలో ఆ ధమని ఒకచోట సన్నబడి ఉంటుంది. అందుకే చేతికి మాత్రమే కాక కాలికి కూడా పట్టీ చుట్టి బీపీ చూస్తాము. ఏ లోపమూ లేనివారిలో సైతం వయసుతోపాటు బృహద్ధమని వెడల్పు కావచ్చు, అరుదుగా దాని గోడ పొరలుగా చీలవచ్చు.

ఇక్కడ రిపోర్టు చదవడంలో ఒక చిక్కు ఉంది. ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు ఉన్న యువతికి ఎకోలో బృహద్ధమని వెడల్పు 3.4 సెంటీమీటర్లు అని వస్తే, సాధారణ స్త్రీల కొలత ప్రకారం దాని పక్కన ‘నార్మల్’ అని రాసే అవకాశమే ఎక్కువ. కానీ పొట్టిగా ఉన్నవారిలో ఈ కొలతను శరీర పరిమాణంతో పోల్చి చూడాలి. ఆమె శరీర ఉపరితల వైశాల్యం సుమారు 1.3 చదరపు మీటర్లు, 3.4ను దానితో భాగిస్తే 2.6 వస్తుంది. వయోజనులైన టర్నర్ రోగుల్లో 2.5 దాటితే తీవ్ర ప్రమాదంగా లెక్కించి, గుండె శస్త్రచికిత్స నిపుణుల అభిప్రాయం తీసుకుంటాము. కాబట్టి ‘నార్మల్’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా సెంటీమీటర్ల అంకెను రాయించుకోవాలి. లోపాలేవీ లేని పెద్దలకు అయిదు నుంచి పదేళ్లకోసారి, రెండు రేకుల కవాటమో అధిక బీపీయో ఉన్నవారికి ఇంకా తరచుగా ఎకో గానీ ఎమ్మారై గానీ అవసరం.

ఛాతీలోనో వీపులోనో హఠాత్తుగా చీల్చినట్లు నొప్పి వస్తే, వయసులో ఉన్న అమ్మాయి కదా అని గ్యాస్ ఇంజక్షన్ చేసి పంపేసే ప్రమాదం ఉంది. ఈసీజీ బాగానే ఉన్నా చీలిక ఉండవచ్చు. డ్యూటీ డాక్టరుకు టర్నర్ సిండ్రోమ్ అన్న పేరు ముందుగా చెప్పి, బృహద్ధమనికి సీటీ స్కాన్ అడగాలి.

అపోహ: పెద్దమనిషి అయింది, వేడుక కూడా చేశాము, ఇంకా మాత్రలెందుకు?

వాస్తవం: చాలామందిలో అండాశయాలు తగినంత ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) తయారుచేయవు గనుక ఆ నెలసరి మందులతో వచ్చినదే. పదకొండు పన్నెండేళ్ల వయసులో చాలా తక్కువ మోతాదుతో ఈస్ట్రోజన్ మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో పెంచుతూ, తరవాత ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్ కలిపి, సుమారు యాభై ఏళ్ల వరకు కొనసాగించాలి. మధ్యలో మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. క్రోమోజోము పరీక్షలో వై క్రోమోజోము (మగవారిలో ఉండేది) భాగం కనిపించిన కొద్దిమందిలో అండాశయాల స్థానంలో కణితి వచ్చే అవకాశం ఉన్నందున వాటిని తొలగించమని సూచిస్తాము.

అపోహ: స్కానింగులో కిడ్నీలు కలిసి ఉన్నాయన్నారు, ఇది ఉద్దానం కిడ్నీ జబ్బే.

వాస్తవం: కవిటి, సోంపేట, మందస ప్రాంతాల వారికి ఈ భయం సహజమే. ఉద్దానంలో కనిపించేది ఏళ్ల తరబడి కిడ్నీ పనితీరు క్షీణించే జబ్బు. టర్నర్‌లో రెండు కిడ్నీలూ గుర్రపు లాడంలా కలిసిపోవడం పుట్టుకతో వచ్చిన ఆకార భేదం. అంతమాత్రాన డయాలసిస్ అవసరం రాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, మూత్ర ప్రవాహానికి అడ్డంకి, బీపీ గమనించుకుంటే సరిపోతుంది.

అపోహ: ఈ పిల్లలకు తెలివి తక్కువ.

వాస్తవం: అత్యధికుల్లో తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. లెక్కలు, పటాలు, దిక్కులు కొందరికి కష్టమనిపిస్తాయి. క్లాసులో పలకడం లేదని టీచరు అంటే ముందుగా చెవులు చూపించాలి; చిన్నతనంలో చెవిలో చీము, పెద్దయ్యాక వినికిడి తగ్గడం వీరిలో తరచుగా కనిపిస్తాయి.

అపోహ: దాత అండంతో పిల్లలు కలుగుతారట, పెళ్లవగానే ఐవీఎఫ్ సెంటరుకు వెళ్తే చాలు.

వాస్తవం: కలగవచ్చు, కొద్దిమందికి సహజంగానూ గర్భం వస్తుంది. కానీ గర్భిణిగా ఉన్నప్పుడు బృహద్ధమనిపై ఒత్తిడి పెరుగుతుంది కనుక గుండె ఎమ్మారై ముందు, ఐవీఎఫ్ తరవాత. వెడల్పు ఎక్కువగా ఉంటే గర్భం వద్దనే చెబుతాము. పద్దెనిమిదేళ్లకు పిల్లల డాక్టరు దగ్గర నుంచి మారేటప్పుడు కారియోటైప్ (క్రోమోజోము పరీక్ష) రిపోర్టు అసలు కాపీని, ప్రతి ఎకో అంకెను ఆనాటి ఎత్తు, బరువులతో సహా ఒకే ఫైలులో పెట్టి అమ్మాయి చేతికే ఇవ్వండి.