రూపాయికి 8 పైసలు: ఊరి గ్రంథాలయం వెనుక నడిచిన చరిత్ర

ఇంటి పన్ను రసీదును కాస్త నిదానంగా చదివితే అందులో గ్రంథాలయ పన్ను అనే పద్దు ఒకటి కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సును మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైన సొమ్ము సకాలంలో సంస్థకు చేరడం లేదని, అందువల్లనే కొత్త పుస్తకాల కొనుగోలు, భవనాల మరమ్మతులు వెనకబడుతున్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. ఇది జమాఖర్చుల తగాదాగానే పైకి కనిపిస్తుంది గానీ, పన్ను అన్న మాటే లేని రోజుల్లో ఊళ్లు తమ గ్రంథాలయాలను తామే ఎలా పోషించుకున్నాయో తెలిస్తే ఈ బకాయిల అసలు బరువు అర్థమవుతుంది.

నిజాం పాలనలో చదువు, కచేరీ వ్యవహారం ఉర్దూలో సాగుతున్న కాలంలో, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దానికి అండగా నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. బహిరంగ సభకు సర్కారు అనుమతి తప్పనిసరి అయిన ఆ సంస్థానంలో తెలుగువాళ్లు నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకునే వీలు గ్రంథాలయ వార్షికోత్సవాల్లోనే దొరికేది. తర్వాతి కాలంలో నిజాం రాష్ట్రపు తెలుగువాళ్ల సంస్థ అయిన ఆంధ్ర మహాసభలో పనిచేసిన పలువురికి ఈ నిలయాలే తొలి బడులు.

కోస్తాలో కథ మరో దారిన నడిచింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. దీనికి ఊపిరి పోసిన అయ్యంకి వెంకటరమణయ్య ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను నడిపి, ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేయించారు. ఆయన పూనికతోనే 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరిగింది. ఇప్పుడు ఏటా నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఆ సభే అయినా, మన శాఖా గ్రంథాలయాల్లో ఆ రోజు బాలల దినోత్సవం ముందు అయ్యంకి పేరు వెనక్కి పోతూ ఉంటుంది.

చిన్న ఊరి గ్రంథాలయం ఎంత ఎదగగలదో చూడాలంటే వేటపాలెం వెళ్లాలి. చీరాల పక్కనున్న ఈ నేతగాళ్ల ఊళ్లో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి సారస్వత నికేతనాన్ని ప్రారంభించారు. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. అయితే కర్ర కన్నా విలువైనవి అక్కడి పాత పత్రికల సంచికలని నా అభిప్రాయం. నగరాల్లోని పెద్ద సంస్థలు కూడా పోగొట్టుకున్న తెలుగు దిన, వార, మాస పత్రికలు ఈ ఊళ్లో నిలిచాయి. దశాబ్దాలుగా దేశవిదేశాల పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చి, పట్టుకుంటే పొడిగా రాలే కాగితాన్ని రెండు చేతులతో ఆనించి తిప్పుతూ నోట్సు రాసుకున్నారు. ఏ చట్టం వల్లనో కాకుండా, పుస్తకం కొన్న రోజునే దానికి నంబరు వేసి, ముద్ర కొట్టి, అట్ట కట్టించే శ్రద్ధ ఉన్న మనుషుల వల్ల ఈ సంపద మిగిలింది.

పుస్తకం దగ్గరికి రాలేని పాఠకుడి దగ్గరికి పుస్తకమే వెళ్లాలన్న ఆలోచనా అప్పటిదే. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ సాగుతుంటే దారిలోని గ్రామాలకు పుస్తకాలు అందేవి. బస్సు సరిగా లేని ఊళ్లలో కాలువే రహదారి గనుక ఇందులో వింతేమీ లేదని పాఠకుడికి అనిపించవచ్చు. వింతంతా దాన్ని ప్రభుత్వం కాక ఒక కార్యకర్త తలపెట్టడంలో ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసు రాష్ట్రం, 1955లో హైదరాబాదు రాష్ట్రం గ్రంథాలయ చట్టాలు చేశాయి. ఆ రెండు రాష్ట్రాల్లోని తెలుగు ప్రాంతాలు కలిశాక 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. దాతల దయ మీద ఆధారపడిన సంస్థలకు నిలకడైన రాబడి కావాలన్నది ఉద్యమకారులు కోరుకున్నదే, సెస్సు దాన్ని ఇచ్చింది కూడా. జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని కింద పట్టణాల్లో శాఖలు, పల్లెల్లో కొన్ని పుస్తకాలు ఉంచి చదువుకోనిచ్చే పుస్తక నిక్షిప్త కేంద్రాలు అన్న వ్యవస్థ దీనితోనే నిలబడింది. కానీ చందా ఇచ్చినవాడు లెక్క అడిగేవాడు. పన్ను కట్టేవాడికి తాను కడుతున్నట్టే తెలియదు. బకాయిల గురించి గ్రంథాలయ సంస్థలు మొరపెట్టుకోవడమే తప్ప ఊరి జనం మునిసిపాలిటీని నిలదీయకపోవడానికి కారణం ఇదే.

ఇవాళ ఏ పట్టణపు శాఖలోనైనా ఉదయం పూట పదవీ విరమణ చేసిన ఉద్యోగులు దినపత్రిక పేజీలు విడదీసి పంచుకుంటారు, సినిమా పేజీ ముందు ఎవరికన్నదాని మీద చిన్న పేచీ సహా. పది దాటాక బల్లలన్నీ గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకూ చదివేవాళ్లతో నిండిపోతాయి. వాళ్లలో చాలామంది సొంత పుస్తకాలే తెచ్చుకుని చదువుతారు. వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ఇంట్లో దొరకని నిశ్శబ్దం. గ్రంథాలయం స్టడీ హాలుగా మారిపోయిందని సాహిత్యాభిమానులు నొచ్చుకుంటారు గానీ నాకు ఆ బాధలో న్యాయం సగమే కనిపిస్తుంది. పనివేళలు పెంచమని, రాత్రి పూట కూడా తెరిచి ఉంచమని అడుగుతున్నది ఈ యువతే. ఊరి గ్రంథాలయం తమదని గట్టిగా అడిగేవాళ్లు చాలాకాలానికి మళ్లీ కనబడ్డారు, అయితే వాళ్ల అర్జీలన్నీ గ్రంథపాలకుడి బల్ల దగ్గరే ఆగిపోతున్నాయి. సెస్సు సొమ్ము ఉన్నది మునిసిపల్ కార్యాలయంలో.