ఒటాగో వెళ్లబోతున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

డిసెంబర్ సెలవులకు న్యూజిలాండ్ వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. డనీడిన్ ఊరికి ఆనుకుని సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒటాగో ద్వీపకల్పానికి మాత్రం ఒక రోజంతా అట్టిపెట్టమని అమ్మానాన్నలను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. హడావిడిగా చూసి వచ్చే చోటు కాదది.

కోటి సంవత్సరాలకు ముందు అక్కడ ఒక పెద్ద అగ్నిపర్వతం ఉండేది. అది చల్లారి, అరిగిపోయి, లోయలోకి సముద్రం వచ్చి చేరింది. ఒకప్పుడు అది విడిగా ఉన్న దీవి. మధ్యలో ఇసుక మేట వేసి ప్రధాన భూమితో కలిసిపోయింది. ఇప్పుడు అక్కడ కనిపించేవి గొర్రెలు మేసే కొండలు, మెలికలు తిరిగే సన్నని రోడ్డు, మనుషులు పెద్దగా కనిపించని ఇసుక తీరాలు.

రోడ్డు చివర టైయరోవా హెడ్ అనే కొండకొస ఉంది. రాయల్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షులు మామూలుగా దూరంగా ఉండే దీవుల్లోనే గూళ్లు పెడతాయి. మనుషులు నివసించే ప్రధాన భూమి మీద అవి పిల్లల్ని పెంచే చోటు ఇదొక్కటే. ఆ పక్షి రెక్కలు చాచిందంటే ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3 మీటర్లు! భుజం దగ్గర ఉండే ఒక నరం లాంటి పట్టు చాచిన రెక్కను అలాగే బిగించి ఉంచుతుంది. అందుకే రెక్క ఆడించకుండా గాలి మీద గంటల తరబడి తేలిపోగలదు. గాలి లేని రోజు మాత్రం ఎగరడానికి నానా అవస్థ పడి, చాలావరకు కూర్చునే ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లిన రోజు ఈదురుగాలి కొడితే విసుక్కోకండి, మీ అదృష్టం పండినట్టే.

మొదట్లో అక్కడ పెట్టిన గుడ్లను మనుషులు ఎత్తుకెళ్లేవారు, కుక్కలు పాడుచేసేవి. బడిపిల్లలకు వ్యవసాయ పాఠాలు చెప్పే లాన్స్ రిచ్‌డేల్ అనే ఉపాధ్యాయుడు పట్టుబట్టి గూటికి కాపలా కాశారు. 1938లో అక్కడి నుంచి తొలి పిల్ల క్షేమంగా ఎగిరిపోయింది. 1937లో ఆయన కాలికి గుర్తు తొడిగిన ఒక ఆడపక్షి 1989 దాకా ఆ కొండకు వస్తూనే ఉంది. దాన్ని అందరూ 'గ్రాండ్‌మా' అని పిలిచేవారు.

ఆ కాపలా ఇప్పటికీ సాగుతోంది. గుడ్డు పిగిలే సమయానికి ఈగలు ముసరకుండా దాన్ని ఇంక్యుబేటర్‌లోకి మార్చి, తల్లి కింద ఉత్తుత్తి గుడ్డు పెడతారు. పిల్ల గట్టిపడ్డాక మళ్లీ గూట్లోకి చేరుస్తారు. ఎండ మరీ ముదిరితే గూళ్ల మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చిలకరిస్తారు. రెండేళ్లకు ఒకసారి ఒక్క గుడ్డు మాత్రమే పెట్టే పక్షి కదా, ఆ మాత్రం సేవ చేయాల్సిందే. మీరు వెళ్లే నెలలో అవి పొదుగుతూ ఉంటాయి. అద్దాల గదిలోంచి చూడనిస్తారు.

ఇసుకలో నడిచేటప్పుడు కళ్లు తెరుచుకుని నడవండి. కొట్టుకొచ్చిన దుంగ అనుకున్నది సీ లయన్ అనే పెద్ద సముద్ర జంతువు కావచ్చు! పడుకుని తెడ్లలాంటి ముందు కాళ్లతో వీపు మీదకు ఇసుక చిమ్ముకుంటూ ఉంటుంది. మగది 400 కిలోలు కూడా తూగుతుంది. వేట వల్ల ప్రధాన భూమి మీద ఇవి లేకుండా పోయాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక తల్లి 1993లో ఒటాగో తీరంలో పిల్లను కంది. ఇప్పుడున్న కుటుంబాలు అలా మొదలైనవే. కనీసం 20 మీటర్ల దూరం ఉండాలి. దానికీ సముద్రానికీ మధ్యలోకి అస్సలు వెళ్లకండి, దారి మూసేశారని కంగారు పడుతుంది.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉండేది పసుపు కళ్ల పెంగ్విన్ గురించి. ఏటేటా తగ్గిపోతున్న జాతి అది. పగలంతా సముద్రంలో చేపలు వేటాడి, సాయంత్రం పిల్లల కోసం కడుపు నింపుకుని ఒడ్డుకు వస్తుంది. ఇసుకలో మనిషి కనిపిస్తే చాలు, వెనక్కి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. మీరు అక్కడే నిలబడి ఫోటోల కోసం ఎదురుచూస్తే, అది అలల్లోనే మీరు వెళ్లేదాకా ఎదురుచూస్తుంది. పైన పొదల్లో పిల్ల ఆకలితో ఉంటుంది. చాటు గుడిసెలు కట్టి ఉన్న చోటే, వాటి లోపలి నుంచే చూడండి. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి.

ఇంకో చిన్న పెంగ్విన్ ఉంది, నీలం రంగుది. కిలో బరువుంటే ఎక్కువ. పైలట్స్ బీచ్‌లో చీకటి పడ్డాక గుంపులుగా ఒడ్డెక్కుతాయి. అక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలం, సూర్యుడు రాత్రి 9 దాటాక గానీ అస్తమించడు. కాబట్టి మధ్యాహ్నం కాసేపు పడుకోండి. కెమెరా ఫ్లాష్ ఆఫ్ చేసి ఉందో లేదో కిందకు దిగకముందే చూసుకోండి. ఎండాకాలమే కదా అని కోటు ఇంట్లో వదిలేయకండి, చీకటి పడితే అక్కడి గాలికి వణుకు పుడుతుంది.

మీ తాతయ్య