ఒకే రాయి, రెండు రాష్ట్రాలు: భూగర్భజల మోడళ్లపై అపోహలు – వాస్తవాలు

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా తూర్పు అంచున ఉన్న ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూరు తాలూకాల పల్లెల్లో తెలుగు, మరాఠీ రెండూ వినిపిస్తాయి. పొలిమేర దాటితే తెలంగాణ. మనుషుల వాడకం వల్ల ఇక్కడి భూగర్భ జలాలు ఎలా మారుతున్నాయో కంప్యూటర్ మోడల్‌తో లెక్కకట్టడం నా వృత్తి. ఆ పనిలో తరచూ ఎదురయ్యే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇంకినదానికంటే తక్కువ తోడుకుంటే ఎవరికీ నష్టం ఉండదు.

వాస్తవం: ఏటా ఇంకే నీటిలో తోడుకోదగిన వాటాతో పోల్చి, వాడకం 70 శాతం లోపు ఉన్న ప్రాంతాన్ని సురక్షితమనీ, 100 శాతం దాటినదాన్ని అతి వినియోగమనీ మన దేశంలో వర్గీకరిస్తారు. ఏటా పరిస్థితిని పోల్చుకోవడానికి ఆ లెక్క ఉపయోగపడుతుంది. అయితే బోర్లు లేని కాలంలో కూడా ఇంకిన నీరు ఊరికే నిలిచి ఉండలేదు. కొంత ఊటగా వాగుల్లోకీ నదిలోకీ చేరేది, కొంత చెట్ల వేళ్లకు అందేది. కాబట్టి మనం తోడే నీరు మొదట రాతిలోని నిల్వ నుంచి, ఆ తరువాత క్రమంగా ఆ ఊటల వాటా నుంచి వస్తుంది. అమెరికా శాస్త్రవేత్త థీస్ ఈ సంగతిని 1940లోనే స్పష్టంగా వివరించారు. వాడకం 60 శాతమే ఉన్నచోట కూడా సంక్రాంతి దాకా పారవలసిన వాగు దీపావళి దాటగానే ఎండిపోవచ్చు. నది ఒడ్డున ఉన్న బోరు ప్రభావం నదిపై త్వరగా పడుతుంది. దూరపు బోరు ప్రభావం చేరడానికి ఏళ్లు పట్టవచ్చు, మోటారు ఆపేసిన తరువాత కూడా అది కొంతకాలం కొనసాగుతుంది. శాతంలో చెప్పే ఒకే ఒక్క అంకె ఈ ఆలస్యాన్ని చూపలేదు. మోడల్ అవసరం ఏర్పడేది ఇక్కడే.

అపోహ: వానలకు బావి మూడు మీటర్లు నిండింది కాబట్టి యాసంగికి కొదవ లేదు.

వాస్తవం: ఈ తాలూకాల్లో విరివిగా కనిపించే గ్రానైటు రాయి నీటిని పట్టుకునేది చాలా తక్కువ. పైన శిథిలమైన పొర నుంచి బయటికి తీయగలిగే నీరు దాని ఘనపరిమాణంలో సుమారు 1.5 నుంచి 3 శాతం మాత్రమే. అంటే మట్టం మూడు మీటర్లు పెరిగితే హెక్టారుకు చేరినది 450 నుంచి 900 ఘనపు మీటర్లు. నేలపై పరిస్తే 45 నుంచి 90 మిల్లీమీటర్లు. ఒక్క వరి పంటకు పెట్టే నీరు 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది.

అపోహ: మోటార్ల సంఖ్యను గంటలతో గుణిస్తే వాడకం తెలిసిపోతుంది.

వాస్తవం: నా అనుభవంలో రాతిని అంచనా వేయడం కంటే మనిషిని అంచనా వేయడమే కష్టం. వ్యవసాయ మోటార్లలో చాలావాటికి మీటరు లేదు. ఉన్నా అది కరెంటును కొలుస్తుంది గాని నీటిని కాదు, మట్టం లోతుకు పోయేకొద్దీ ఒక్కో యూనిట్‌కు వచ్చే నీరు తగ్గుతూ ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. మహారాష్ట్రలో 2024లో 7.5 హెచ్‌పీ వరకు మోటార్లకు బిల్లు మాఫీ అయినా, సరఫరా వంతులవారీగానే వస్తుంది. వంతు రాత్రిపూట పడితే కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ పెట్టి నిద్రపోయే రైతును తప్పుపట్టలేము, కానీ ఆ గంటలను ఎవరూ రాసిపెట్టరు. అందువల్ల ఉపగ్రహ చిత్రాల్లోని పంట విస్తీర్ణం, పొలాలకు కరెంటు ఇచ్చే లైను (ఫీడరు)లో ఖర్చైన యూనిట్లు, కొన్ని పొలాల్లో తీసిన కొలతలు అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాము. అవి అరుదుగా ఏకీభవిస్తాయి కాబట్టి, తక్కువ అంచనాతో ఒకసారి, ఎక్కువ అంచనాతో మరొకసారి మోడల్‌ను నడపడమే నిజాయితీ గల పద్ధతి అని నా అభిప్రాయం.

పైగా వాడకం స్థిరంగా ఉండదు. మట్టం పడిపోయినప్పుడు ఒకరు కొత్త బోరు వేస్తారు, ఒకరు చెరకు మాని శనగ వేస్తారు, మరొకరు పొలం బీడు పెడతారు. ఇరవై ఏళ్లపాటు తోడకం ఒకేలా ఉంటుందని భావించిన మోడల్ గణితంలో ఎంత సరైనదైనా ఫలితంలో తప్పుతుంది.

అపోహ: డ్రిప్ వేస్తే ఆదా అయినదంతా భూమిలో మిగులుతుంది.

వాస్తవం: కాలువ కట్టి పారించినప్పుడు వృథా అయిందనుకున్న నీటిలో కొంత మళ్లీ కిందికే ఇంకుతుంది. డ్రిప్‌తో తోడకం తగ్గుతుంది, ఆ ఇంకుడూ తగ్గుతుంది. మిగిలిన నీటితో మరో ఎకరం సాగులోకి తెస్తే నికర వాడకం పెరగవచ్చు కూడా.

అపోహ: మోడల్‌ను రాష్ట్రాల సరిహద్దు దగ్గర ఆపేస్తే సరిపోతుంది.

వాస్తవం: రాయి రెండు వైపులా ఒకటే, దానిలోని నీరు సరిహద్దు దగ్గర ఆగదు. కాబట్టి మోడల్ అంచును నదికో, నీరు రెండు వైపులకు విడిపోయే మిట్టకో జరపాలి, అందుకు రెండు రాష్ట్రాల బావుల రికార్డులూ కావాలి. నది మట్టాన్ని కూడా ఒకే అంకెగా తీసుకోకూడదు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇక్కడ గోదావరిపై ఉన్న బాభళీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలి. తరువాత గేట్లు మూసి నీరు నిలిపినప్పుడు ఎగువన నది ఒడ్డు పొరల్లోకి నీరు ఎక్కుతుంది, తెరిచినప్పుడు వెనక్కి దిగుతుంది. కాబట్టి ఆ తేదీలు కూడా మోడల్‌లోకి వెళ్లాలి.

అపోహ: నా బోరు ఎన్ని అడుగుల్లో పడుతుందో మోడల్ చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. మోడల్ నేలను గడులుగా విడగొట్టి, వందల మీటర్ల వెడల్పున్న ఒక్కో గడికి సగటు మట్టాన్ని ఇస్తుంది. గ్రానైటులో నీళ్లున్న పగులు ఆ గడిలో ఎక్కడైనా ఉండవచ్చు.